ఉల్లిపొట్టు

డండీలో నవంబరు. మూడున్నరకే దీపాలు.
టే నది మీద రైలు వంతెన
సగం దాకా కనిపించి, ఆ తర్వాత మంచు.

ముప్ఫై ఏడు డిగ్రీల పెట్టె తలుపు తీస్తాను.
లోపల వాళ్ళు. వాళ్ళనాలో ఆమె అనాలో
ఇప్పటికీ తేల్చుకోలేదు.
పందొమ్మిదివందల అరవై నాలుగులో
నలభై నాలుగేళ్ళ ఒకావిడ పెద్దపేగులో
పుట్టిన గడ్డ తాలూకు కణాలు.
వయసు రాశారు, ఒంటిరంగు రాశారు.
పేరు ఏ కాగితం మీదా నాకు దొరకలేదు.
ఆ తర్వాత ఆవిడ ఏమైందో కూడా.

రోజు విడిచి రోజు గులాబిరంగు ద్రవం మార్చి
తిండి పెడతాను. ఆదివారమైనా సరే
చలిలో బస్సెక్కి వచ్చి పెడతాను.
పేగుబంధం అంటే
మా భాషలో ఇంకేదో అర్థం ఉండేది.

ఇవాళ మందు రోజు.
మందు అనకూడదు, మా ప్రొఫెసరు ఊరుకోడు. పదార్థం అనాలి.
ఉల్లి పొరల్లో, ఆపిల్ తొక్కలో
ఎండకి కాపలాగా మొక్క దాచుకున్న పసుపు.
క్వెర్సెటిన్. నీళ్ళలో కరగనని మొండికేస్తుంది.
తొంభై ఆరు గుంటల పళ్ళెంలో
ఎడమ నుంచి కుడికి మోతాదు పెంచుకుంటూ పోతాను,
చెయ్యి వణికితే ఒక వరుసంతా అబద్ధం.

రెండు రోజులాగి రంగు వేస్తే
బతికినవి వంకాయ రంగు.
ఎడమవైపు మిసమిసలాడే లేత వంకాయలు,
మధ్యలో వెలిసిన చీర,
కుడి చివర ఏమీ లేదు.
సూక్ష్మదర్శినిలో చూశాను:
కుంచించుకుని, బుడిపెలు బుడిపెలై,
పట్టు వదిలేసి తేలుతున్నాయి.
అరవై ఏళ్ళుగా చావడం మరిచిపోయినవి
ఉల్లిపాయ చెబితే గుర్తు తెచ్చుకున్నాయి.

నాలో ఒకత్తె గంతులేసింది.
ఇంకొకత్తె నోటు పుస్తకంలో తేదీ వేసింది.

గాజు సామాను కడిగే ఎఫీ మెక్‌క్రే
అప్పుడే భుజంతో తలుపు తోసుకుని వచ్చింది.
మార్చిలో ఆవిడ పేగు జానెడు కోసేశారు.
పొట్ట మీద సంచి ఉందని అందరికీ తనే చెబుతుంది,
వాన పడుతోందని చెప్పినట్టు.
చేతిలో జామ్ సీసా, సీసా నిండా ఉల్లిపొట్టు.
వేసవి నుంచీ దాచిందట,
టీ తాగుతూ నేనెప్పుడో ఏదో వాగానని.
"కాచుకుని తాగేదా?"

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని
నాలుక చివరిదాకా వచ్చింది.
ప్రాస కోసం తల్లినే పక్కన కూర్చోబెట్టిన సామెత.
ఇంగ్లీషులో చెబితే ప్రాస పోతుంది,
ప్రాస పోతే మిగిలేది ఒట్టి వాగ్దానం.

కాబట్టి ఉన్నదే చెప్పాను.
పళ్ళెంలో ఉన్నంత చిక్కగా
నీ రక్తంలోకి రాదు ఎఫీ, గంపలకొద్దీ తిన్నా రాదు.
పేగు కొంత, కాలేయం కొంత
దాని వేషం మార్చేస్తాయి.
మారిన వేషంలో ఏం చేస్తుందో మాకే సరిగ్గా తెలీదు.
చచ్చినవి పళ్ళెంలో కణాలు, మనిషిలోవి కావు.
నీ డాక్టరు ఇచ్చింది మానకు.
నా గొంతు నాకే ఎండుకర్రలా వినిపించింది.

ఆవిడ సీసాని దీపానికెత్తి చూసింది.
ఏడుస్తుందేమో అనుకున్నాను.
"అయితే మా చెల్లెలికిస్తా, ఉన్నికి అద్దుతుంది.
ఉల్లిపొట్టు పసుపు ఎన్ని ఉతుకులకీ పోదు" అంది,
అని, నా బల్ల మీది మురికి ఫ్లాస్కులు
లెక్కపెట్టి మరీ పట్టుకెళ్ళింది.

డిసెంబరులో ఒక పొద్దున
నా కుర్చీ మీద టోపీ. చెవులదాకా వస్తుంది.
కొంచెం బిగుతు.
ముద్దబంతికీ ఆవాలపొడికీ మధ్య రంగు.

ఆదివారం అది పెట్టుకునే బస్సెక్కాను.
పేరు తెలియని ఆవిడకి
తిండి వేళయింది.